పాలుకిచ్చిన కోడికి సూది

2022, ఎండలు ముదిరే ముందు. అప్పట్లో నేను బయ్యారం వైపు పశువుల దవాఖానలో అసిస్టెంట్‌ని. బీఎస్సీ చదివి కోళ్ల వెంట పరుగెత్తడమేమిటని మా చుట్టాలు ఇప్పటికీ అంటారు. ఆదివారం వాళ్ల విస్తట్లో ఉండేది ఏమిటని నేను అడిగితే ఊరుకుంటారు.

ఆ కాలంలో మా పని కోళ్లకు రాణికెట్ టీకాలు. ఊళ్లలో కొక్కెర రోగం అంటారు. కోడి ముడుచుకుని కూర్చుంటుంది, ఆకుపచ్చగా పారుతుంది, కొన్నింటికి మెడ మెలితిరుగుతుంది. వచ్చాక మందు లేదు, రాకముందే ఆపాలి. చిన్న కోడిపిల్లలకు లసోటా అనే టీకా చుక్క కంట్లో వేస్తాం. పెద్ద కోళ్లకు ఆర్‌టూబీ అనే టీకా రెక్క దగ్గర చర్మం కింద వేస్తాం. దానితో ఒక తిప్పలు. సీసాలో మందు కలిపాక ఎక్కువసేపు నిలవదు, మిగిలితే పారబోయడమే. అందుకే పొద్దున్నే, గంపలెత్తి కోళ్లను వదలకముందే చేరుకోవాలి.

ఆ రోజు నేను వెళ్లిన తండాకు అవతలి తండాలో రోగం అప్పటికే దిగింది. అందుకని ఇళ్ల దగ్గర ఉన్నవాళ్లంతా మాట్లాడకుండా కోళ్లను పట్టి ఇచ్చారు. మంగ్లి ఒక్కతే గంప మీద చేయి వేసి నిలబడింది. ముప్ఫై దాటని మనిషి. మిర్చి ఏరడానికి కూలికి పోతుంది, భర్త హైదరాబాద్‌లో సెంట్రింగ్ పనికి పోయాడు. ఆమె దగ్గర నాలుగు పెట్టలు, వాటిలో ఒకదాని వెంట పిల్లలు.

సూదికి భయపడుతోందనుకుని నేను మొదలుపెట్టాను. రోగం గాలికి ఎలా వస్తుందో, చెప్పుల మట్టితో ఎలా వస్తుందో, నీ మొండితనానికి తండా మొత్తం ఎలా అనుభవిస్తుందో. నేను మొదలుపెడితే తొందరగా ఆపను. ఆమె అంతా విని, "కోళ్లు నాయి కావు మేడం. పాలుకు తెచ్చిన," అంది.

పాలుకివ్వడం అంటే ఒకరి పెట్టను ఇంకొకరు సాకడం. పిల్లలు ఎదిగాక చెరి సగం పంచుకుంటారు, తల్లి మాత్రం ఇచ్చినవాళ్లదే. ఈ పెట్టలు రోడ్డు మీది ఊళ్లో భూములున్న సుగుణమ్మవి. కిందటేడు పాలుకు తెచ్చిన కోళ్లు ఇదే రోగంతో పోయి మంగ్లికి ఈక కూడా దక్కలేదు. ఈసారి పిల్లలు బతికితే ఆమె గంపలో మొదటిసారి సొంత కోడి ఉంటుంది.

"అట్లయితే మరీ వేయించుకోవాలి కదా?" అన్నాను.

"రోగమొచ్చి సస్తే ఇద్దరికీ పాయె. ఎవరం ఏం జేస్తం? నా చేతుల సస్తే మాత్రం కోడికి కోడి కట్టియ్యాలె. సూది నువ్వేస్తవ్ సరే, రెక్క వట్టేది నేనే గద?"

అప్పుడామె ఒక దారి చెప్పింది. పిల్లల్లో సగం తనవే కనుక ఆ సగానికి చుక్కలు వేయమంది.

"ఏ సగం?"

"పంచినంక తెలుస్తది."

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. నా సీసాలో కలిపిన మందు పాడైపోతోంది, నాకు నవ్వు రాలేదు. నంబర్ తీసుకుని సుగుణమ్మకే ఫోన్ చేసి, అందరికీ వినబడేలా స్పీకర్ పెట్టాను. సంగతి విన్న సుగుణమ్మ తీయగా, "ఆమె సాదుతున్నది, ఆమె ఇష్టం మేడం. నేనెందుకు వద్దంట?" అంది.

గెలిచాననుకుని మంగ్లి వైపు తిరిగాను. ఆమె తల అడ్డంగా ఊపింది. "నా ఇష్టమన్నది. అంటే నా మీదనే ఏసింది."

నిజమే. నేను మళ్లీ ఫోన్ అందుకున్నాను.

"సూదేసినంక కోడి సస్తే మంగ్లిని అడుగుతరా, అడగరా? ఒక్క మాట చెప్పుండ్రి."

"ఎందుకు సస్తది? మీ సూది మంచిది కాదా?"

"మంచిదే. రోగం లోపలున్న కోడయితే ఒక్కోసారి తట్టుకోదు."

"మరి మీరు కట్టిస్తరా?"

"రోగమొచ్చి నాలుగూ సస్తే ఎవరిని అడుగుతరు?"

"ఎవరిని అడుగుత? దేవుణ్ణి."

"సూదికి గూడ ఆయననే అడుగుండ్రి. మంగ్లిని కాదు."

అవతల నుంచి "సరే, అడగ," అని వచ్చింది. మంగ్లి నా చెవి దగ్గరకు వచ్చి, "మొత్తం అనమను," అంది. సుగుణమ్మ విసుక్కుంటూనే మొత్తం అంది: "సూదేసినంక సచ్చినా మంగ్లిని అడగ. అందరూ విన్నరు గద, ఇగ సాలా?"

చాలు. మంగ్లి గంప ఎత్తి, మొదటి పెట్టను తనే పట్టుకుని రెక్క విప్పి చూపింది.

ఆ వారంలోనే నాలుగింటిలో ఒక పెట్ట చచ్చిపోయింది. రోగం ముందే లోపల ఉండి ఉంటుంది, సూదితో బయటపడి ఉంటుంది. కచ్చితంగా నేనూ చెప్పలేను. సుగుణమ్మ ఫోన్ చేసి, "మీ సూది నా పెట్టను తిన్నది," అంది. మిగతా మూడింటినీ రోగం తినకుండా ఆపింది ఎవరో అది కూడా చెప్పమన్నాను. నన్ను తిట్టింది కానీ మంగ్లిని ఒక్క మాట అడగలేదు. తండా అంతా విన్న మాట అది. ఆ రోజు పొద్దున్నే పనికి పోయి టీకా తప్పిపోయిన ఇళ్లలో రోగానికి గంపలు ఖాళీ అయ్యాయి. వానలు పడ్డాక పిల్లలు పంచుకున్నారు. మంగ్లి వాటాకు పెట్టలు కూడా వచ్చాయి.

ఆ కట్టుబాటు మంచిదని నేను ఒప్పుకోను. చేసినవాళ్లకే పూచీ, చూస్తూ కూర్చున్నవాళ్లకు ఏమీ లేదు. మా ఆఫీసుల్లో ఫైళ్లు కదలకపోవడానికీ ఇదే సూత్రం. కానీ కట్టుబాటును తిట్టినంత మాత్రాన గంప లేవదు. అప్పటి నుంచి ఏ వాకిట్లోనైనా కోడికి ఎలా ఉందని అడిగే ముందు ఎవరిదని అడుగుతున్నాను. ఇంకొకరిదైతే, సీసాలో మందు కలపకముందే వాళ్లకు ఫోన్ చేస్తాను.

మరుసటేడు అదే తండాకు వెళ్లాను. మంగ్లి ఇంటి వెనక ఉండే ముసలవ్వ గంప మీద చేయి వేసి నిలబడింది. ఎవరిదవ్వా అని అడిగాను. అవ్వ గోడ అవతలికి చూసింది. అక్కడ గిన్నెలు తోముతున్న మంగ్లి తలెత్తకుండానే అంది:

"ఏపియ్యవ్వా. సస్తే నాది."