బాపు ఇచ్చిన అదనపు ప్రాణాలు

ఒక రూపాయి బిళ్లకు మూడు ప్రాణాలు దొరికిన రోజులవి. డిగ్రీ చేసి ఖాళీగా ఉన్న నేనూ, మా నాన్నా (మేం బాపు అంటాం) కలిసి కరీంనగర్ బస్టాండు వెనక సందులో వీడియో గేముల దుకాణం పెట్టాం. రెండు మిషన్లూ హైదరాబాద్ వ్యాపారివి. వసూళ్లలో సగం ఆయనకు. మూడు నెలల్లో గిరాకీ పెరగకపోతే మిషన్లు పట్టుకుపోతానని ముందే చెప్పాడు. అదే జరిగితే నేను సుల్తానాబాద్‌లో మామ వడ్ల దుకాణంలో బస్తాలు లెక్కపెట్టుకోవాలి. అందుకని ఏ ఆట ఎన్ని నిమిషాలు సాగిందో రోజూ డైరీలో రాసేవాణ్ణి. ఆడేవాడు ఎంత తొందరగా ఓడితే మనకంత లాభమని తేలింది. మిషన్ లోపలి మీటలు మార్చి ఆటను కఠినం చేశాను.

ఈ సూత్రం బాపుకు ఎక్కలేదు. ఎవరైనా ఓడి మొహం వేలాడేస్తే చాలు, తాళం తీసి, లోపలి మీట నొక్కి, ఊరికే మరో ఆట ఇచ్చేవాడు.

"పాపం, గింతల్నే సచ్చిపోయిండు. ఇంకో పాణమిస్తే మనదేం పోతది బిడ్డా?"

"ఆళ్లు సస్తేనే మనం బతుకుతం బాపూ."

"గిదేం బ్యారమురా," అన్నాడు.

తాళంచెవి తీసుకుని నా మొలతాడుకు కట్టుకున్నాను (స్నానానికి కూడా విప్పలేదు). మరుసటి వారం నుంచే వసూళ్లు పెరిగాయి. 'నా పద్ధతి ఫలించింది' అని డైరీలో రాసి కింద ఎర్రసిరాతో గీత గీశాను. వ్యాపారంలో జాలి పనికిరాదని బాపుకు పాఠం కూడా చెప్పాను. ఆయన శ్రద్ధగా తలూపాడు.

మూడో నెల చివర్లో మా అవ్వ, అంటే అమ్మ, దుకాణానికి వచ్చింది. "పాల పైసలన్ని మీ బాపు చిల్లర జేసి పట్టుకొస్తుండు. బర్రెకు తౌడు దేవొద్దా? ఈడ దేనికి పెడుతుండు బిడ్డా?"

బాపును నిలదీశాను. ఓడినవాళ్ల చేతుల్లో, మళ్లీ ఆడుకొమ్మని, ఒక్కో రూపాయి పెడుతున్నాడట. రోజూ, నా కళ్లముందే, నేను తలవంచి డైరీ రాసుకుంటుండగా.

"తాళంచెవి నీ దగ్గరుండె గదా," అన్నాడు బాపు, తప్పు నాదే అన్నట్టు.

ఆ పాల డబ్బులో సగం హైదరాబాద్ పోయిందని డైరీలో లెక్క తేల్చాను. గిరాకీ చూసి మురిసిపోయిన వ్యాపారి ఆ వారమే మూడో మిషన్ పంపాడు. మూడూ తీసుకుపొమ్మని నేనే ఉత్తరం రాసి, వడ్ల బస్తాల దగ్గరికి వెళ్లిపోయాను.

ఇప్పటికీ ఎవరైనా వ్యాపారం పెడతామని సలహాకు వస్తే, లెక్కలన్నీ ఓపికగా విని, ఇంట్లో బర్రె ఉందా అని అడుగుతాను. ముసలాయనకు చాదస్తమనుకుని, చాయ్ తాగి వెళ్లిపోతారు.