నర్మద పాట ఉన్న వైపు

నిర్మల్లో ఉత్త కైలాసం అంటే ఎవరికీ తెలియదు. దొరగారి పాటల మిషను కైలాసం అంటే చిన్నపిల్లలు కూడా ఇల్లు చూపిస్తారు. కొయ్యబొమ్మలకు లక్క పూసే ఇంట్లో పుట్టినవాడు. పదకొండేళ్లుగా దొర గ్రామఫోనుకు కీ ఇవ్వడం, స్ప్రింగుకు నూనె పెట్టడం, సూది మార్చడం, అంతా పైసా తీసుకోకుండా చేస్తున్నాడు. అలా ఎవరైనా ఊరికే చేస్తారా?

పక్కింటి కిష్టవ్వ మొహం మీదే అడిగేసేది. "పెండ్లాం సచ్చి పదకొండేండ్లాయె మరిదీ! ఇంక ప్రతి శుక్రారం పోయి దాని గొంతు ఇనకుంటె నిద్ర పట్టదా?"

"కూలి అడుగుత లేనని గదా వదినె, దొర నన్ను లోపటికి రానిస్తుండు."

"బతికున్నప్పుడు పాడుతుంటె 'సాలు తియ్యి' అంటుంటివి. గోడ అవతలికెల్లి నేను ఇనలేదనుకున్నవా?"

అది నిజమే మరి.

పోలీసు చర్య అయిన మూడో ఏడు, రికార్డుల కంపెనీ వాళ్లు పల్లెపాటలు పాడే ఆడవాళ్లను హైదరాబాదుకు పిలిపించారు. దొర సిఫారసు మీద కైలాసం భార్య నర్మద వెళ్లి ఒక దంపుడు పాట పాడింది. రికార్డుకు ఒక వైపు ఆమె పాట, రెండో వైపు వేములవాడ శంకరవ్వ పాట. వచ్చింది ఒక్కటే రికార్డు, అదీ దొర ఇంటికి. రెండేళ్లకు అమ్మవారు పోసి నర్మద పోయింది. ఫోటో లేదు, పిల్లలు లేరు. ఆ మూడు నిమిషాల పాట తప్ప ఆమె ఈ లోకంలో మరెక్కడా మిగల్లేదు.

కీ మిషనులో సూదిని మోసే చెయ్యి బరువు, సూది ఇనుము. పాట పెట్టిన ప్రతిసారీ సూది ముందు సన్నని నల్లటి పొడి లేచేది. అది అరుగుతున్న రికార్డేనని కైలాసానికి తెలుసు. పాట సగంలో నర్మద గొంతు పైకి లేచేచోట ఇప్పుడు గుడ్డ అడ్డం పెట్టినట్టు వినిపిస్తోంది. ఇంకో రెండేళ్లు గీకితే అదీ ఉండదు. అందుకే సూది తేలిగ్గా ఆనే కరెంటు మిషను తెప్పించమని దొర వెంటపడ్డాడు. పాట కోసమని అంటే వినేవాడు కాదు. "తహసీల్దారు సాబు ఇంట్ల వచ్చిందట దొరా," అన్నాడు. మూడు నెలల్లో బొంబాయి నుంచి పెట్టె, దానితో పాటు కొత్తరకం ప్లాస్టిక్కు రికార్డులు కొన్ని దిగాయి.

ఆ మిషను సూదికి రెండు కొనలు: ఒకటి పాత రికార్డులకు, ఒకటి కొత్తవాటికి. మేడ మీది చెక్కనేల అడుగు వేస్తే అదిరేది, అదిరితే సూది ఎగిరేది. కైలాసం బరువైన టేకు దిమ్మ చెక్కి, కింద నాలుగు పొరలు గొంగడి ముక్కలు పరిచాడు. తిరిగే పళ్లెం మీద నీళ్ల గిన్నె పెట్టి మట్టం చూశాడు. పళ్లెం అంచున సుద్దగీత పెట్టి, గడియారం ముందు కూర్చుని నిమిషానికి ఎన్ని చుట్లో లెక్కపెట్టాడు. నెల రోజులు పట్టింది. శుక్రవారం నాడు దాని మీద నర్మద పాట పెట్టుకోవచ్చని దొర మాటిచ్చాడు.

ఆ శుక్రవారం పగటి భోజనానికి తహసీల్దారు వచ్చాడు. కొత్త రికార్డులను స్పిరిటుతో తుడవాలని బొంబాయి దుకాణంవాడు చెప్పి పంపాడట. స్పిరిటు ఇంకెవరింట్లో ఉంటుంది? లక్క కరిగించుకునే తన సీసానే కైలాసం తెచ్చాడు. కొత్తవి అద్దాల్లా మెరిశాయి.

"పాతయి గూడ తుడువురా," అన్నాడు దొర.

"అవి తుడువద్దు దొరా. అవి లక్కతోని చేసినయి. స్పిరిట్ తగిల్తె కరుగుతయి."

"దుకాణపాయనకు తెల్వంది నీకు తెలుసునా?"

"ఆయన కొత్తయాటికి చెప్పిండు దొరా. లక్క సంగతి నాకు తెలుసు."

తహసీల్దారు మీసంలో నవ్వుకున్నాడు. "మీ ఇంట్ల మీకే పాఠం చెప్తుండు గదండి!"

అంతే, దొర మొహం మారిపోయింది. లేచి రికార్డుల దొంతరలో వెతికి వెతికి ఒకటి తీశాడు. ఏది తీస్తాడో కైలాసానికి ముందే తెలిసిపోయింది.

"గిది తుడువు. నీ పెండ్లాం పాట గదా, జర భద్రంగనె తుడుస్తవ్."

"బాంచెన్ దొరా, ఇంకోటి ఏదన్న ఇయ్యుండ్రి."

"తుడుస్తవా? రెండు ముక్కలు చెయ్యాల్నా?"

కైలాసం గుడ్డను సీసా మూతికి తాకించినట్టే తాకించి, పొడివైపుతో రాశాడు. దొర అది కనిపెట్టాడు. సీసా లాక్కుని రికార్డు మీద వంపాడు. "గట్టిగ తుడువు!"

తుడిచాడు. తెల్లగుడ్డ నల్లబడింది. రికార్డు మీద సన్నగీతలు చెరువు నీళ్లలా చదునైపోయాయి. వేలికి జిగురు అంటింది. చిన్నప్పటి నుంచి ఎరిగిన ఆ లక్క వాసన గదంతా నిండింది.

"ఇగ పెట్టు."

సూది జర్రుమని జారింది. బుసబుస శబ్దం, నడుమ ఎక్కడో ఒక ఊపిరి లాంటిది, తర్వాత అదీ లేదు. సూది ఆ జిగురులో కూరుకుని ఆగిపోయింది.

"అయ్యయ్యో, కొత్త సూది!" అన్నాడు తహసీల్దారు.

"ఖరాబ్ చేసినవ్ కదరా," అన్నాడు దొర.

కైలాసం గుడ్డ కొనతో సూదికి అంటిన లక్కను కొంచెం కొంచెంగా తీశాడు. తీసి, రెండు చేతులూ జోడించాడు. "దొరా, గీ రికార్డు నాకియ్యుండ్రి. ఇంట్ల పెట్టుకుంట."

"ఎందుకు? రెండో దిక్కు మంచిగనె ఉన్నది గద. శంకరవ్వదే అసలు పాట. తిప్పి పెట్టు."

కైలాసం తిప్పి పెట్టాడు. మిషను ఎంత బాగా పలికిందంటే, శంకరవ్వ పాట మధ్యలో గాలి పీల్చుకోవడం కూడా వినబడింది. తహసీల్దారు "వహ్వా" అన్నాడు. తన ఇంటి మిషను ఇంత సాఫుగా పలకదన్నాడు. అది చేసింది ఎవరని అడిగితే దొర గడ్డంతో కైలాసాన్ని చూపించాడు.

అప్పటి నుంచి ప్రతి శుక్రవారం దొరకు శంకరవ్వ పాటే కావాలి. కైలాసమే వెళ్లి పెట్టాలి. పళ్లెం మీది బనాతు గుడ్డ దుమ్ము దులిపి, నర్మద వైపు కిందికి చేసి దానికి ఆనించి, సూది దించి, పాట అయ్యేదాకా చేతులు కట్టుకుని నిలబడాలి.

"ఇగ పోకురాదు మరిదీ, ఏమున్నదక్కడ?" అంది కిష్టవ్వ. ఈసారి ఆమె గొంతులో వెటకారం లేదు.

"పోకుంటె ఇంకోన్ని పెడ్తడు వదినె. వాడు బనాతు దులుపడు," అని చెప్పులు తొడుక్కున్నాడు కైలాసం.