కరెంటు లేని పూట మగ్గాల చప్పుడు

దెయ్యాల మాట ఎత్తితే లేచి వెళ్ళిపోయే రకం నేను. ఇప్పటికీ నమ్మను. ఈ ఒక్క సంగతి మాత్రం మింగుడు పడక రాస్తున్నాను.

మాది నగరి. సూళ్లూరుపేట వైపు ఒక ఫ్యాక్టరీలో పని. నైట్ షిఫ్ట్ దిగి కంపెనీ బస్సులో ఇల్లు చేరేసరికి ఉదయం తొమ్మిది దాటుతుంది. ఒళ్ళు హూనమైపోయి ఉంటుంది గానీ నిద్ర పట్టదు. ఫోన్ తీసి తుపాకుల గేమ్ ఆడతాను.

నాకున్న సరదా అదొక్కటే. అదీ సరిగ్గా సాగదు. ఎదుటివాడి తలకే గురిపెట్టి నాలుగు తూటాలు దించుతాను. రక్తం చిమ్మడం కూడా కనిపిస్తుంది. వాడు చావడు. నేను గోడ చాటుకు వచ్చేసి, హమ్మయ్య అనుకున్నాక చచ్చిపోతాను. నెట్ అంత ఆలస్యం. ప్రతిరోజూ ఇదే గోల, విసుగెత్తిపోయింది.

ఈ పాపమంతా మా పవర్‌లూమ్ మగ్గాలదే అనుకునేవాణ్ణి. గోడకు అవతల షెడ్డులో నాయనవి నాలుగు మగ్గాలు ఉండేవి. అవన్నీ తిరిగితే వోల్టేజీ పడిపోయి వైఫై పెట్టె ఆరి వెలిగేది. నేను అరిస్తే నాయన పాపం, లేచి వెళ్ళి ఒకటో రెండో ఆపేవాడు.

ఆయన గుండెకు స్టెంట్ వేశాక, ఇక చాలని పట్టుబట్టి నాలుగింటినీ పాత ఇనుముకు అమ్మించింది నేనే. డాక్టర్ వద్దన్నారని అందరికీ చెప్పాను. గేమ్ కూడా ఒక కారణమని ఎవరికీ చెప్పలేదు. ఆ సిగ్గు నాకింకా ఉంది.

మగ్గాలు పోయాయి. నెట్ ఆలస్యం పోలేదు. నాయన మాత్రం రోజూ ఆ ఖాళీ షెడ్డులోనే కుర్చీ వేసుకుని కూర్చునేవాడు.

ఏడు నెలలు గడిచాయి. ఒక శుక్రవారం, లైన్ పని ఉందని ఉదయం నుంచే మా వీధులన్నిటికీ కరెంటు తీసేశారు. ఊళ్ళో మా వైపు ఒక్క మగ్గం తిరగడం లేదు. నేను ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని మొబైల్ డేటాతో ఆడుతున్నాను. ఆడుతూనే మైకులో మాట్లాడుకుంటాం, నా వైపు చప్పుడు జట్టులో అందరికీ వినిపిస్తుంది. ఆ రోజు జట్టులో మురళి ఉన్నాడు. వాడు చిన్నప్పుడు మా వీధిలోనే, మగ్గాల మధ్యే పెరిగాడు. ఇప్పుడు తిరుచానూరులో ఒక లాడ్జిలో పని.

"రేయ్ శీనా, మళ్ళా మగ్గాలు పెట్టించినారా? ఆపరా అప్పా, చెవులు పోతాండాయి" అన్నాడు.

నాకు చిర్రెత్తుకొచ్చింది. "ఈడ కరెంటే లేదు కదరా" అన్నాను.

జట్టులో ఇంకొకతను ఉన్నాడు. మగ్గం అనేది ఎప్పుడూ చూడనివాడు. "నాకూ వినపడతా ఉండాదన్నా. ఏందో మిషన్ టకటకా కొడతా ఉండాది" అన్నాడు. నా చెవికి మాత్రం ఏమీ వినిపించలేదు.

ఓ నిమిషం తర్వాత మురళి గొంతు మారింది. "ఆగిపోయినాయిరా. అన్నీ ఒకేసారి ఆగిపోయినాయి. మీ నాయన యాడుండాడు? పోయి సూడు" అన్నాడు.

ఎందుకు లేచానో తెలియదు. ఆట మధ్యలో ఫోన్ మంచం మీద పడేసి షెడ్డులోకి వెళ్ళాను. నాయన కుర్చీ పక్కన నేల మీద పడి ఉన్నాడు. చొక్కా చెమటతో తడిసి ముద్దయింది. ముందు ఊళ్ళో ఆస్పత్రికి, అక్కడి నుంచి అంబులెన్సులో తిరుపతికి తీసుకెళ్ళాం. ఇంకాస్త ఆలస్యమైతే దక్కేవాడు కాదన్నారు.

తర్వాత చాలా ఆలోచించాను. మా చుట్టుపక్కల జనరేటర్ ఉన్న షెడ్డు ఒక్కటీ లేదు. మురళిని పదిసార్లు అడిగాను, వాడిది ఒకటే మాట. నెట్‌లో చప్పుడు ఆలస్యంగా వస్తుందని నాకంటే బాగా ఎవరికి తెలుసు? సెకను, మహా అయితే రెండు సెకన్లు. ఏడు నెలల ఆలస్యం నేనెక్కడా వినలేదు.

మూడో రోజు నన్ను నాయన దగ్గరికి పంపారు. కళ్ళు తెరిచి నన్ను చూశాడు.

"మగ్గాలు ఆపింది నువ్వేనా?" అని అడిగాడు.

నేను అమ్మించినవా, మురళి విన్నవా, ఏ మగ్గాల గురించి అడుగుతున్నాడో నాకు అర్థం కాలేదు. అయినా ఏడుపు ఆగలేదు. "నేనే నాయనా" అన్నాను.

"ఎందుకురా ఆపినావు? బాగనే తిరగతా ఉండె గదా" అన్నాడు.