పసుపు పూసిన గని రాళ్లు

మొన్న బళ్లారి దగ్గరి మోక ఊరి నుంచి బస్సులో వస్తుంటే, పక్కన ఆగిన గని లారీలోంచి ఎర్రటి దుమ్ము లేచి నా తెల్లచీర మీద వాలింది. దులుపుకోబుద్ధి కాలేదు. కళ్లు మూసుకుంటే నలభై ఏళ్ల కిందటి సండూరు కొండల్లో ఉన్నట్టే అనిపించింది.

అప్పుడు నేను బళ్లారిలో కొత్తగా చేరిన సైన్సు టీచరమ్మను. సెలవు దొరికితే చాలు, మా మేనమామ మేస్త్రీగా చేసి మానుకున్న పాత మాంగనీసు గనుల దగ్గరికి పోయి, మూతబడిన గోతుల అంచుల్లో రాళ్లు ఏరేదాన్ని. నల్లగా మెరిసేవి, ద్రాక్షగుత్తిలా బుడిపెలు తేలినవి, పట్టుకుంటే చేతికి మసి అంటించేవి. ప్రతి రాయికీ చిన్న కాగితం అంటించి, అది దొరికిన గొయ్యి పేరు రాసేదాన్ని. జాజుగుంత, గబ్బిలాల గని, ముసలమ్మ మెట్లు, ఇలా అన్నీ కూలీలు పెట్టుకున్న పేర్లే. ఏ దస్తావేజులోనూ ఉండవు. ఏ గోతిదో తెలియని రాయి వట్టి రాయేనని నా పట్టింపు, అందులో కాస్త గర్వం కూడా ఉండేది. పెళ్లయ్యాక ఆ రాళ్లు నాతోపాటే బ్రూస్‌పేటలోని అత్తింటికి వచ్చాయి; మా ఆయన నన్ను కంకర కాంట్రాక్టరని ఏడిపించేవారు.

ఆ ఏడాది ఆయుధపూజకు మా అత్తగారు, కోడలి పనిముట్లు అవే కదా అనుకొని, నేను బడి నుంచి వచ్చేలోగా రాళ్లన్నీ గంగాళంలో నానబెట్టి, తోమి, పసుపు కుంకుమలు పెట్టి వరసగా పేర్చారు. చదువు రాని ఆవిడకు ఆ కాగితాలు అంగడి చీటీల్లా కనిపించాయట. "ఎంత మట్టి ఉండాదో సూడమ్మా, బాగా తోమినాను!" అని మురిసిపోతుంటే, నీళ్లలో గుజ్జై తేలుతున్న పేర్లను చూసి నాకు ఏడుపు ఆగలేదు. సంగతి తెలిశాక ఆవిడ నాకంటే ఎక్కువ ఏడ్చారు.

మర్నాడే రాళ్లను పాత చీరలో మూటగట్టి, నన్ను వెంటబెట్టుకొని మా మేనమామ ఇంటికి బస్సెక్కారు. మామకు అప్పటికే చూపు మందగించింది. ఒక్కో రాయినీ అరచేతిలో తూచి, బొటనవేలితో తడిమి, ఇది ఫలానా గోతిదని ఆయన చెబుతుంటే నేను కొత్త కాగితాల మీద రాసి అంటించుకున్నాను. చివరిదాన్ని మాత్రం చాలాసేపు పట్టుకొని, "ఇది యాడిదో తెల్దమ్మా. తెల్దనే రాసుకో" అన్నాడు. ఏదో ఒక పేరు చెప్పేయమని అత్తగారు బతిమాలినా ఒప్పుకోలేదు.

ఇప్పుడు మామా లేడు, అత్తగారూ లేరు. కిందటేడు ఆ కొండకు పోతే, యంత్రాలు తవ్వగా తవ్వగా చిన్న గోతులన్నీ కలిసిపోయి ఒకటే పెద్ద పల్లమైంది. గబ్బిలాల గని కోసం తలెత్తి వెతికిన చోట ఆకాశమే ఉంది. ఇంటికొచ్చి ఆ రాళ్లు దాచిన అలమర తెరిచి, వాటి మీది కాగితాలు ఒక్కొక్కటీ పైకి చదువుకున్నాను. ఆ గోతులు ఎక్కడున్నాయని ఇప్పుడు ఎవరైనా అడిగితే, వేలు పెట్టి చూపడానికి నాకు ఈ అలమర తప్ప వేరే చోటు లేదు.