పంచరు కాని టైరు

మా అన్న పోయిన మూడో నెలలో నేను టైర్ల గురించి చదవడం మొదలుపెట్టాను. అలాంటి సమయంలో చదవడానికి పనికొచ్చే పుస్తకాలు మా ఇంట్లో కొన్ని ఉన్నాయి. అవి పక్కన పెట్టి టైరు కంపెనీల కాగితాలు చదివాను. కారణం మా వదిన అన్న మాట.

"ఇంగొక్క పంచరు అయితే ఆవుల్ని అమ్మేస్తానమ్మా. వేమగల్ ఫ్యాక్టరీలో పనికి పోతా. బస్సు వాళ్ళే పంపిస్తారంట. దానికి పంచరయితే వాళ్ళు చూసుకుంటారు."

ఆమె బెదిరించే మనిషి కాదు. అంటే చేస్తుంది.

అన్నావదినల తోట బూదికోట అవతల కొండ కింద ఉంది. కాసిని మామిడి చెట్లు, రాగి చేను, నాలుగు ఆవులు. అక్కడి నుంచి పాల సొసైటీకి మూడు మైళ్ళ మట్టిబాట. పొద్దున ఏడున్నర దాటితే సొసైటీలో పాలు పట్టరు. బాటకు రెండు వైపులా జాలి కంప. దాని ముల్లు వేలెడు ఉంటుంది, ఎండితే మేకులా దిగుతుంది. "పేరుకి జాలి" అంటుంది వదిన, చెప్పులో నుంచి ముల్లు లాగిన ప్రతిసారీ.

ఆ బాటలో ఆటోలు రావు. మా జీపు ఒక్కటే పోతుంది. కేజీఎఫ్ బంగారు గనుల్లో పనిచేసి రిటైరైన ఒక ఆఫీసరు దగ్గర మా నాన్న దాన్ని కొన్నాడు. ఆ ఆఫీసరు వయసులో ఉన్నప్పుడు దాంట్లో వేటకు పోయేవాడట. సెర్చిలైటు బిగించిన కమ్మీ ఇంకా అలాగే ఉంది. అందుకని ఊళ్ళో అందరూ దాన్ని వేటజీపు అంటారు. మా ఇంటికి వచ్చాక అది కుందేలును కూడా తరమలేదు. పాల క్యాన్లు మోసింది. నాన్న తర్వాత అన్న నడిపాడు. అన్న పోయాక వదిన నడుపుతోంది.

అన్న ఉన్నన్నాళ్ళు ఆ బండికి పంచరు అయినట్టు మాకెవరికీ గుర్తు లేదు. అది అన్న అదృష్టమనుకున్నాం.

తప్పు నాతోనే మొదలైంది. అన్న పోయిన నెలకే, టైర్లు అరిగి నున్నగా ఉన్నాయని, ఈ బాటలో వదిన ఒక్కతే నడపాలని భయపడి, నేను పాఠాలు చెప్పే బడికి సెలవు పెట్టి బండిని రాబర్ట్‌సన్‌పేటలో పెద్ద అంగడికి తీసుకుపోయాను. నాలుగు కొత్త టైర్లు వేయించాను. స్టెప్నీ కొంచెం బాగున్నట్టు కనిపించి దాన్ని మాత్రం ఉంచేశాను. పాతవి నాలుగూ అంగడాయనకే ఇచ్చేశాను. పని అయ్యాక ఆయన చేతులు తుడుచుకుంటూ అన్నాడు:

"మీ అన్న లోపల ఏమేమో కుక్కిపెట్టినాడమ్మా. ఆ చెత్తంతా తీసి పారేసినా. ఇప్పుడు నీట్‌గా ఉండాది."

మంచిదన్నాను. థాంక్స్ కూడా చెప్పాను.

తర్వాతి రెండు నెలల్లో మూడు పంచర్లు. మూడోసారి జీపు బాట మధ్యలో ఆగింది. వదిన ఒక్కతే జాకీ పెట్టి, స్టెప్నీ ఎక్కించి సొసైటీ చేరేసరికి ఎనిమిదిన్నర. సెక్రటరీ క్యాన్ల మూత కూడా తీయలేదు. ఆమె రెండు క్యాన్ల పాలు వెనక్కి తెచ్చి, కాస్తే విరిగిపోవడంతో, వీధి కుక్కలకు పోసింది. ఆ సాయంత్రమే నాకు ఫోను చేసి వేమగల్ మాట చెప్పింది.

ఆవులు అమ్మేస్తే ఆమె తోటలో ఉండదు. ఆమె లేకపోతే తోట కంప అయిపోతుంది. అన్న చేతి పని అంతా ఆ తోటలోనే ఉంది. నేను వదినను ఉండమని అడగలేను. నేను అడగగలిగింది టైర్లను.

అందుకని అంగళ్ళు తిరిగాను. టైరు అంగట్లో ఆడమనిషి నిలబడితే మొదట టైరు గురించి మాట్లాడరని తెలిసింది.

"మీ ఇంటాయన రాలేదామ్మా?"

"నాకు ఇంటాయన లేడు."

"అన్నదమ్ములు?"

"ఈ టైరు ఎన్ని ప్లై, ఎన్ని పొరలు?" అని అడిగాను.

బంగారుపేట రోడ్డులో ఒకాయన జీపు చుట్టూ తిరిగి కమ్మీ పట్టుకుని ఊపాడు. "ఏం కొడతారమ్మా దీంట్లో? పందినా?"

"పాలు."

"పాలు కొడతారా?"

"పోస్తాం. సొసైటీలో."

"పాలు పోసేదానికి ఇంత బండి యాలమ్మా, సుమ్నే దండగ" అని, ట్యూబ్‌లెస్ వేసుకోమన్నాడు. ఆ పాత చక్రాలకు ట్యూబ్‌లెస్ గాలి నిలవదని నేను చదివి ఉన్నాను. ఆ మాట చెబితే ఆయన ముఖం మాడ్చుకున్నాడు. ఇంకొకాయన ట్యూబులో ఆకుపచ్చ మందు పోస్తే ముల్లు గుచ్చుకున్నా తెలియదన్నాడు. ఒక పాత ట్యూబులో పోయించి ముల్లు గుచ్చి చూశాను. ముల్లు గుచ్చుకున్న చోట ఆకుపచ్చగా కారింది, అది తెలిసింది. మరొకాయన లారీకి వేసే మందం టైరు చూపించి, ఏనుగు తొక్కినా ఏమీ కాదన్నాడు. మాకు ఏనుగుతో గొడవ లేదన్నాను. అది వేస్తే స్టీరింగు తిప్పడానికి ఇద్దరు కావాలట. అది ఆయనే నెమ్మదిగా చెప్పాడు, నేను లేచాక.

కంపెనీ కాగితాలు ఇంతకంటే మర్యాదగా ఉన్నాయి, అంతే. ఏ కాగితంలోనూ పంచరు కాదని రాయలేదు. తట్టుకుంటుందని రాసి ఉంది. ఎంత తట్టుకుంటుందన్నది చిన్న అక్షరాల్లో కూడా లేదు. అన్న మీద కోపం వచ్చింది. మీటరు రీడింగు మొదలు మామిడికి మందు కొట్టే లెక్క దాకా ప్రతిదీ నాకు ఫోనులో చెప్పేవాడు. ఇది ఒక్కటీ చెప్పలేదు.

ఒక శనివారం పొద్దున వదిన ఫోను చేసింది. "అయింది" అంది. నేను అక్కడికి చేరేసరికి ఆవుల దళారికి కబురు కూడా పెట్టేసింది. రేపు పొద్దున వస్తాడు.

ముందు కుడి టైరు కూలబడి ఉంది. నేను పటకారు తీసుకుని ఒక్కొక్క టైరులో ముళ్ళు లాగడం మొదలుపెట్టాను. అదేం పని అంటే చెప్పలేను, ఏదో ఒకటి చేయాలి. వెనక ఎడమ టైరులో ఏడు ముళ్ళు వచ్చాయి. కొన్ని లోపలే విరిగి ఉన్నాయి. అయినా ఆ టైరులో గాలి గట్టిగా ఉంది. అది అన్న నాటి స్టెప్నీ. మూడో పంచరుకు ఎక్కించినప్పటి నుంచి దాన్ని ఎవరూ మార్చలేదు.

"వదినా, దీన్ని విప్పిద్దాం."

"బాగుండేదాన్ని యాలమ్మా విప్పేది? పోయిందాన్ని చూడు."

రెండు చక్రాలూ విప్పి, పక్క తోటవాళ్ళ ట్రాక్టరులో వేసుకుని క్యాసంబళ్ళి పోయాం. అక్కడ పంచర్లు వేసే ముసలాయన కేజీఎఫ్ మనిషి, గనిలో పనిచేసినవాడు. తమిళ యాసతో తెలుగు మాట్లాడతాడు. స్టెప్నీని విప్పి, ట్యూబు లాగి, ఆగిపోయాడు. టైరు లోపల చుట్టూతా నల్లటి పట్టీ ఉంది. దాన్ని బయటికి తీశాడు. తెల్లటి పొడి రాలింది.

"ఇది మైన్ బెల్టు మా" అన్నాడు. "రాయి మోసే బెల్టు. పొర పొరగా ఒలిచినారు. అంచులు చూడు, గాజుపెంకుతో గీకినారు. లేకుంటే ట్యూబును కొరికేస్తాది. ఓపిక ఉండేవాడు చేసినాడు. యారు?"

"మా అన్న."

ముల్లు మొనలు టైరు దాటి వచ్చి ఆ పట్టీలో ఆగిపోయి ఉన్నాయి. ముసలాయన వేలికి అంటిన పొడిని ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. "ట్యూబు అంటుకోకుండా మేము వేసే పొడి ఇది కాదు మా. వాసన వస్తా ఉండాది."

వదిన ఆయన చేతిలోని పట్టీ లాక్కుని వాసన చూసింది.

"ఇది నా పౌడరు."

ఇంకోసారి ముక్కు దగ్గర పెట్టుకుంది. తర్వాత ఆమె మొదలుపెట్టింది.

"డబ్బా తెస్తే పది దినాలకు అయిపోతా ఉండె. యాడికి పోతాదయ్యా అని మీ అన్నను అడిగితే, నువ్వే ఎక్కువ పూసుకుంటా ఉండావు అనె. మా అమ్మ ముందర అనినాడమ్మా. మా అమ్మ నాకు బుద్ధి చెప్పింది. అంత ముఖానికి ఎంత పౌడరు కావాల అని."

అంటూనే ఆమె పట్టీని చుట్టచుట్టి ఒళ్ళో పెట్టుకుంది. చీర తెల్లగా అయింది. దులుపుకోలేదు.

అప్పుడు నాకు రాబర్ట్‌సన్‌పేట అంగడాయన మాట గుర్తొచ్చింది. చెప్పక తప్పలేదు. "మిగతా నాలుగు టైర్లలోనూ ఇవి ఉండేవి వదినా. ఆయన చెత్త అన్నాడు. నేను మంచిదన్నాను."

ఆమె పట్టీ మీది నుంచి తలెత్తింది. "చదువుకున్నదానివి కదమ్మా నువ్వు" అంది. అంతకంటే ఎక్కువ తిట్టలేదు.

"ఆ బెల్టు ఇప్పుడు యాడ దొరకతాది?" అని ముసలాయనను అడిగింది.

"మైన్ మూసేసి ఎన్నేళ్ళమ్మా. ఎవరింట్లో అన్నా పాత ముక్క ఉంటే ఉండాల."

మా ఇంట్లో ఉంది. కొట్టంలో ఆవులు జారకుండా కాళ్ళ కింద అన్న పరిచినవి ఆ బెల్టులే. ఏళ్ళ తరబడి వాటి మీద పేడ ఎత్తుతున్న వదినకు గానీ, సెలవులకు వచ్చి ఆ కొట్టంలో కూర్చుని పుస్తకాలు చదివిన నాకు గానీ, అవి వేరే దేనికైనా పనికొస్తాయని తట్టలేదు.

మర్నాడు దళారి వచ్చేసరికి ఒక ఆవును పక్కకు కట్టి, దాని కింది బెల్టు కడిగి, ఎండలో పరిచి, వదిన కత్తితో పొర ఒలుస్తోంది. నేను గాజుపెంకుతో అంచు గీకుతున్నాను, రెండు వేళ్ళు తెగాయి. ఒక్క అంచుకు గంట పట్టింది.

"ఏ ఆవు తల్లీ?" అన్నాడు ఆయన.

"ఏదీ లేదప్పా. వచ్చినావు కదా, ఈ కొస పట్టుకో."

ఆయన గొణిగాడు గానీ పట్టుకున్నాడు.

ఆ తర్వాత పంచరు కాలేదని రాయను. ఒకటి అయింది, సొసైటీ ముందే, గుర్రపు లాడం మేకుకు. వదిన స్టెప్నీ ఎక్కించుకుని ఇంటికి పోయింది. నాకు ఆ సంగతి వారం తర్వాత, వేరే మాటల మధ్య చెప్పింది. వేమగల్ పేరు రాలేదు.

దళారి వచ్చిన ఆ ఆదివారం మాత్రం మూడో పట్టీ దగ్గర పౌడరు అయిపోయింది. వదిన డబ్బా బోర్లించి తట్టింది, ఏమీ రాలేదు.

"అంగడికి పోయి రామ్మా" అంది. "రెండు తీసుకురా. ఒకటి బండికి."

రెండు తెచ్చాను.