గంటలో రాజమండ్రి

నెల్లూరు దగ్గర ఇందుకూరుపేట నుంచి రాజమండ్రికి విమానంలో పోవాలనుకునేవాళ్లు ఎవరైనా ఉంటే, ముందు నా గోడు వినండి.

మా తమ్ముడు ఇమ్మానుయేలుకు గొంతు ఆపరేషన్. రాజమండ్రిలో ఉంటాడు, అక్కడే ఆసుపత్రిలో చేరాడు. ఆపరేషన్ తర్వాత మళ్లీ నోటితో ఎప్పుడు తింటాడో చెప్పలేమన్నారు డాక్టర్లు. "అక్కా, ఈలోపల నీ చేతి చేపల పులుసు ఒక్క ముద్ద తినాల" అన్నాడు ఫోన్లో. ఆపరేషన్‌కు ముందురోజు సాయంత్రం ఆరు దాటితే ఏమీ పెట్టకూడదట. రాత్రి రైలుకు రెండు బెర్తులు దొరికాయి. మా ఆయన వాటిని రద్దు చేయించారు. మాకు దగ్గర్లో విమానాశ్రయం ఉన్న తిరుపతి నుంచి రాజమండ్రికి దూరమెంతో, విమానంలో ఎంతసేపో ఏదో వెబ్‌సైటులో చూశారట. "గంట! గంటలో దిగతాం. రైల్లో ఒళ్లు హూనం చేసుకోవడమెందుకు?" అన్నారు. అది మ్యాపు మీద గీత గీసి చెప్పిన లెక్కని, ఆ రోజు ఆ గీత మీద విమానమే లేదని టికెట్లు కొనబోతే తెలిసింది. హైదరాబాదులో దిగి మారాలి. అప్పటికి బెర్తులు ఇంకెవరికో పోయాయి.

తెల్లవారుజామున ఐదుకు కారెక్కాం. మా పులుసు మర్నాటికే రుచి. అందుకని రాత్రే కాచి, మామిడికాయ ముక్కలేసి, క్యారియర్‌లో పోసి ఒళ్లో పెట్టుకున్నాను. చిల్లకూరు దగ్గర టీ తాగుతుంటే డ్రైవరు అడిగాడు: "రాజమండ్రి అట్టా ఉంది గదా సార్, మనం ఇట్టా పోతన్నామేంది?" మా ఆయన టీ గ్లాసులోకి చూశారు.

ఎనిమిదిన్నరకు తిరుపతి పక్కన రేణిగుంట విమానాశ్రయం చేరాం. ఒలికిపోతుందని క్యారియర్‌ను సామానులో వేయకుండా చేతిలోనే ఉంచుకున్నాను. తనిఖీ దగ్గర ఆపేశారు.

"పులుసు కుదరదమ్మా. ముక్కలైతే తీసుకుపోండి" అన్నాడు ఆఫీసరు, మర్యాదగానే.

"ముక్కల్లో ఏముంది నాయనా, రుచంతా పులుసులోనే గదా!"

వెనక క్యూలో గొణుగుడు మొదలైంది. పోయి వాష్‌బేసిన్‌లో వంచేశాను. "ముక్కలున్నాయిగా" అని మా ఆయన ఓదార్చబోయారు. ఆ క్షణాన ఆయన్ని కూడా అక్కడే వదిలేసి పోదామనిపించింది.

హైదరాబాదులో రెండింటికి ఎగరాల్సిన విమానం నాలుగింటికన్నారు, ఆపైన నాలుగున్నరకన్నారు. అక్కడ రెండిడ్లీల ధరకు మా ఊళ్లో ఇంటిల్లిపాదీ తినొచ్చు. పక్క సీట్లో పెద్దావిడ మాట కలిపింది. "నెల్లూరు నుంచా? ఏమ్మా, రైలు లేదా?" అంది. నేను మా ఆయన వైపు చూశాను. ఆయన ఫోన్ వైపు చూశారు.

ఆ రెండో విమానం మాత్రం ఎగిరిన గంటలో దించింది. ఆ మాట ఒప్పుకోవాలి. ఊరి బయటెక్కడో దిగి, సామాను తీసుకుని, ఆసుపత్రికి చేరేసరికి ఆరున్నర దాటింది.

"ఆరు దాకా ఉత్త అన్నం ముందు పెట్టుకోని కూర్చోనున్నాడు వదినా" అంది మరదలు.

తమ్ముడు నన్ను చూసి, "మూత తియ్యక్కా" అన్నాడు. వంగి గట్టిగా వాసన పీల్చాడు. "మామిడికాయ వేసినావే" అని నవ్వాడు. గిన్నెలో పులుసు లేకపోవడం చూసి కూడా ఏమీ అడగలేదు. నాకు ఏడుపు ఆగలేదు.

ఆపరేషన్ బాగానే జరిగింది. వారం తర్వాత రాత్రి రైలెక్కాం. పడుకున్నాం, లేచాం, నెల్లూరు వచ్చింది.

"హాయిగా ఉందే ప్రయాణం" అన్నారు మా ఆయన, నోరు జారి.

ఖాళీ క్యారియర్ పట్టుకుని దిగాను. తమ్ముడికి ఇంకా గొట్టంతోనే తిండి పోస్తున్నారు. వాడు అడిగింది ఒక్క ముద్ద.