లక్క బొట్లున్న సోడా సీసా

పాత గోలీసోడా సీసాలు పోగుచేస్తానంటే చాలామంది నవ్వుతారు. నవ్వనీ. మా ఇంట్లో అరవై దాకా ఉన్నాయి, మా ఆవిడ లెక్కలో అరవయ్యీ ఎక్కువే. కొత్తగా తయారైన సీసాలు కొనుక్కొచ్చి షోకేసులో పెట్టి మురిసిపోయేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. పాత సీసా గాజులో బుడగలుంటాయి. అడుగు కాస్త వంకరగా ఉంటుంది. ఒంటిమీద సోడా కంపెనీ పేరు ఉబ్బెత్తు అక్షరాల్లో ఉంటుంది. మెడలో గోలీ ఉండి తీరాలి. ఆ గోలీ కోసం పిల్లలు పగలగొట్టగా మిగిలినవే మనకి దొరుకుతాయి. సీసాని చూడ్డం తెలిసినవాడే అసలైన సేకర్త అని దొరికినవాళ్లందరికీ ఉపన్యాసాలిచ్చేవాణ్ణి.

మూడేళ్ల కిందట, ముంచింగిపుట్టు దగ్గర బడిలో పనిచేస్తున్నప్పుడు, ఓటరు జాబితా పనిమీద ఒక కొండ ఊరికెళ్లాను. అక్కడ ఒక ముసలావిడ ఇంటి చూరుకి ఆకుపచ్చ సోడా సీసా వేలాడుతోంది. నిండా చోళ్లు, అంటే రాగులు, పైన బూడిద, మూతికి గుడ్డముక్క. వచ్చే ఏటికి దాచుకున్న విత్తనం. చోళ్లు సన్నగింజలు కాబట్టి గోలీ పక్కనుంచి జారిపోతాయట. పేరు అక్షరాలు ఒక్కటీ చెక్కుచెదరలేదు. నాకు నోరూరింది.

"నాకిస్తావా అమ్మా?"

"ఇవ్వను బాబూ. ఇత్తనం సీసా అది."

రెండు స్టీలు డబ్బాలు తెచ్చిస్తానన్నాను. నవ్వి ఊరుకుంది. మళ్లీ వెళ్లాను, మళ్లీ అదే మాట. మూడోసారి వెళ్లేసరికి నాట్లయిపోయి సీసా ఖాళీగా ఉంది. ఫొటోలు తీసుకుని తిరిగిచ్చేస్తానని బతిమాలాను.

"చోళ్లు కోతకొచ్చేలోగా తెచ్చీయాల మేస్టారూ," అని చేతిలో పెట్టింది.

నిజం చెప్పాలంటే, నా ఆలోచన వేరు. సీసాని తళతళలాడేలా కడిగి, స్టీలు డబ్బాలతో పాటు ముందు పెడితే ఆవిడ మెత్తబడుతుందని ఆశ. సీసా మెడ వెనకవైపు ఎర్రగా, నల్లగా ఏవో మరకలు గడ్డకట్టి ఉన్నాయి. వేడినీళ్లలో బట్టల సోడా కలిపి ఒక పూటంతా నానబెట్టాను. కొబ్బరిపీచుతో తోమితే అన్నీ ఊడొచ్చాయి. ఎండకి పెట్టి చూసుకుని, నా పనితనానికి నేనే మురిసిపోయాను. ఫొటోలు తీశాను, పేరున్న వైపు మాత్రమే.

కోతలకి ముందే పట్టుకెళ్లాను. ఆవిడ సీసా అందుకోగానే బొటనవేలు తిన్నగా మెడ వెనక్కి పోయింది. అక్కడ తడిమింది. వేలిని చీరకొంగుకి తుడుచుకుని మళ్లీ తడిమింది.

"బొట్లేయి?"

"ఏ బొట్లమ్మా?"

"లక్క బొట్లు. ఇత్తనం కట్టిన ఏడాదికొకటి ఎడతాం. మొదటి నాలుగూ మా ముసిలోడెట్టినాడు. ఆడు పోయినాక మిగతావన్నీ నానెట్టినాను."

మురికనుకుని కడిగేశానని చెప్పాను. ఫోన్ తీసి ఫొటోల్లో వెతికాను. మెడ వెనకవైపు ఒక్కదాన్లోనూ లేదు. మళ్లీ లక్క తెచ్చి పెట్టిస్తానన్నాను. ఎంత తెలివితక్కువ మాటో అంటున్నప్పుడే తెలిసింది.

ఆవిడ అరవలేదు. అరిచినా బాగుండేది. సీసాని ఒకసారి వెలుగుకి పెట్టి చూసి, నా చేతిలోకి తోసేసింది.

"ఇప్పుడిది ఉట్టి సీసా. నువ్వే అట్టుకుపో."

వద్దని అక్కడే పెట్టేసి రావాల్సింది. నేను తెచ్చుకున్నాను.